బేగంపేట నుంచి శంషాబాద్ దాకా

మన బడిలో చదివి విదేశాలకు వెళ్లినవాళ్లలో చాలామంది దాటిన గడప హైదరాబాదు విమానాశ్రయమే. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచికకు దాని చరిత్రను ఎంచుకున్నాను.

నిజాం కాలంలో, 1930లలో, బేగంపేట మైదానం హైదరాబాద్ ఏరో క్లబ్బు విమానాలకు నెలవు. విమానమెక్కడం అప్పట్లో ప్రభువులకూ పెద్ద అధికారులకూ దక్కిన భోగం. 1940లలో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపారు. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

సామాన్యుడు విమానమెక్కింది గల్ఫ్ పుణ్యమా అని. 1970ల తర్వాత కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ బయల్దేరినవాళ్లు మొదట బొంబాయి చేరి, అక్కడే విమానమెక్కేవారు. హైదరాబాదు నుంచి అంతర్జాతీయ విమానాలు పెరిగాక ఆ బొంబాయి ప్రయాణం తప్పింది. 1990లలో సాఫ్ట్‌వేర్ చదువులు అమెరికా దారి తెరిచాయి. ఊరి నడుమ ఇళ్ల మధ్య చిక్కుకున్న బేగంపేటకు పెరిగే చోటు లేకపోయింది.

అలా శంషాబాద్ వచ్చింది. 2005లో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న రాకపోకలు మొదలయ్యాయి. సుమారు 5,500 ఎకరాల స్థలం, 4,260 మీటర్ల రన్‌వే. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో దీన్ని కట్టిన జీఎంఆర్ సంస్థ వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది శ్రీకాకుళం ప్రాంతపు రాజాం. ఏటా 1.2 కోట్ల మంది వస్తారని కట్టిన చోటికి 2023-24లో రెండున్నర కోట్ల మంది వచ్చారు. మన మందులు, టీకాలు ఇక్కడి నుంచే దేశదేశాలకు వెళుతున్నాయి. 2021 మేలో రష్యా స్పుత్నిక్ టీకా తొలి విడత దిగింది కూడా ఇక్కడే.

ఈ లెక్కలకు ఇంకో పార్శ్వం ఉంది. రన్‌వే కింద ఒకప్పుడు పొలాలున్నాయి. అమెరికా విమానం దిగిన బిడ్డకు పూలదండతో ఎదురెళ్లే కుటుంబం ఒక వైపు. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చిన మనిషి కోసం కార్గో దగ్గర అంబులెన్సుతో ఎదురుచూసే కుటుంబం ఇంకో వైపు.

మన సంఘం చిరునామాల పుస్తకంలో డాలస్, న్యూజెర్సీ కనిపిస్తాయి. షార్జా, దమ్మామ్ దాదాపు కనిపించవు. పదో తరగతి తప్పి ఎడారికి వెళ్లినవాళ్లూ మన బెంచీల మీద కూర్చున్నవాళ్లే. వచ్చే కూర్పులో వాళ్ల పేర్లూ చేర్చాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వాళ్లెక్కడున్నారో తెలిసిన మిత్రులు, వాళ్లకు పాఠం చెప్పిన గురువులు ఈ పనికి చేయందించాలి.