కిటికీకి తెర ఏ పక్కన కట్టాలి?

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాక మనవాళ్ళు చేసే మొదటి పనుల్లో కర్టెన్ల షాపుకెళ్ళడం ఒకటి. అక్కడ జరిగే చర్చంతా రంగు గురించే. సోఫాకి మ్యాచ్ అవుతుందా, గోడకి మ్యాచ్ అవుతుందా, రింగులు పెట్టించాలా, కుచ్చులు పెట్టించాలా, మీటరెంత... ఇంతే. ఆ కిటికీ పడమటి వైపుందా, దక్షిణం వైపుందా అని షాపువాడు అడగడు, మనమూ చెప్పం. తర్వాత ఏప్రిల్ నెలలో కరెంటు బిల్లు చూసి ఏసీని తిట్టుకుంటాం.

నా ఉద్దేశంలో అసలు పొరపాటు రంగు దగ్గర జరగట్లేదు. అంతకంటే చాలా ముందే జరిగిపోయింది. చలిదేశాల్లో ఒక అవసరానికి పుట్టిన వస్తువుని తెచ్చి, ఎండదేశంలో ఇంకో అవసరానికి వాడేస్తున్నాం. ఇదెలా జరిగిందో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి.

ఐరోపాలో తెర ముఖ్యంగా చలి కోసం. తలుపు సందుల్లోంచి వచ్చే గాలిని ఆపడానికి, గదిలోని వేడిని గదిలోనే ఉంచడానికి మందపాటి గుడ్డ వేలాడదీసేవాళ్ళు. మంచం చుట్టూ కూడా తెరలుండేవి. అక్కడ వేడి లోపల పుడుతుంది, దాన్ని బయటికి పోనివ్వకూడదు. కాబట్టి తెర లోపలి పక్కన ఉండటమే సబబు. పైగా చాలాకాలం పెద్ద కిటికీ అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారం. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్నుండేది. ఆ పన్ను తప్పించుకోవడానికి ఇటుకలతో మూసేసిన కిటికీలు అక్కడి పాత ఇళ్ళకి ఇప్పటికీ కనిపిస్తాయి. గాజు మీద 1746లో వేసిన పన్ను 1845 వరకూ నడిచింది. ఈ రెండూ పోయాక కిటికీలు పెద్దవయ్యాయి, వాటితోపాటే కర్టెన్లూ పెరిగాయి.

అదే 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శన కోసం జోసెఫ్ పాక్స్‌టన్ క్రిస్టల్ ప్యాలెస్ కట్టాడు. అంతా ఇనుమూ గాజూ. మరి ఎండ సంగతేమిటి? ఎండ తగ్గించడానికి కప్పు మీద గుడ్డ పరిపించాడు. లోపల కాదు, గాజుకి బయట! అంత పెద్ద గాజు భవనం కట్టినవాడికి మొదట్లోనే తెలిసిన విషయమది. ఎండ గాజు దాటి లోపలికొచ్చాక ఆపినా పెద్దగా లాభం లేదు.

ఇక మన వైపుకొద్దాం. మన పాత ఇళ్ళ కిటికీలకి గాజే లేదు. చువ్వలు, చెక్క రెక్కలు, బయట వసారా, దాని మీద చూరు. ఎండ కిటికీ దాకా రావాలంటే ముందు వసారా దాటాలి. అంటే నీడంతా గోడకి బయటే. ఇంకా వేడనిపిస్తే బయటే ఒక తడిక కట్టేవాళ్ళు. వెదురు బద్దలతో అల్లిన తెర అయితే ఎండని ఆపుతూ గాలిని రానిస్తుంది. వట్టివేళ్ళ తడిక అయితే నీళ్ళు చల్లితే గాలి చల్లబడి, సువాసనతో సహా లోపలికొస్తుంది. అక్బరు కాలంలో ఇలాంటి వట్టివేళ్ళ తడికలు వాడకంలో ఉన్నట్టు అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో రాశాడు. చదువుకోని అమ్మమ్మ నుంచి మొగల్ చక్రవర్తి దాకా అందరూ తెరని పెట్టింది ఎండొచ్చే పక్కనే అన్నమాట.

అలాగని పాతదంతా బంగారమని నేననను. వట్టివేళ్ళ తడిక పనిచేసేది నీరు ఆవిరవడం వల్ల. గాలి పొడిగా ఉంటేనే అది కుదురుతుంది. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉంటే, తడి తడిక గుండా వచ్చే గాలి లెక్క ప్రకారం 24 డిగ్రీల దగ్గరికి దిగగలదు. అదే 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నచోట 31 దాటి కిందికి రాదు, పైగా ఉక్క పెరుగుతుంది. అందుకే రామగుండంలో స్వర్గంలా ఉండే తడిక విశాఖపట్నంలో దండగ. విశాఖలో కావాల్సింది నీడ, ధారాళమైన గాలి. ఊరు మారితే తెర మారాలి. ఇది పాతవాళ్ళకి తెలుసు, మనకే తెలీదు.

గాలి రావాలి, ఎండ రాకూడదు అన్న సమస్యకి ప్రపంచమంతా దొరికిన ఇంకో జవాబు ఏటవాలు రెక్కలు. వీటి పేర్లు భలే సరదాగా ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళు వెనీషియన్ అంటారు, వెనిస్ నుంచి వచ్చాయన్నట్టు. ఇటలీవాళ్ళు కిటికీ బయటి రెక్కల తలుపుని పెర్సియానా అంటారు, పర్షియా నుంచి వచ్చిందన్నట్టు. ఫ్రెంచివాళ్ళు జలూజీ అంటారు, ఆ మాటకి అసూయ అని అర్థం. పేర్ల గొడవెలా ఉన్నా మధ్యధరా ఊళ్ళలో ఇవి కిటికీకి బయటే ఉంటాయి. మనం ఆఫీసుల్లో చూసే అల్యూమినియం వెనీషియన్ బ్లైండ్ మాత్రం గాజుకి లోపల వేలాడుతుంది. ఆకారం మిగిలింది, పని పోయింది.

ఈ పనిని పూర్తిగా అర్థం చేసుకుని కట్టిన భవనం ఒకటి మనకి దగ్గర్లోనే, పుదుచ్చేరిలో ఉంది. అరవిందాశ్రమం వసతిగృహం. దాని పేరు గోల్కొండ్. అవును, మన గోల్కొండే! నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవుల్లో ఉన్న సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చిన లక్ష రూపాయల విరాళంతో పని మొదలైంది కాబట్టి, గోల్కొండ వజ్రాల గనుల గుర్తుగా ఆ పేరు పెట్టారు. ఆంటొనిన్ రేమండ్ డిజైన్ చేశాడు, జార్జ్ నకషిమా అక్కడే ఉండి కట్టించాడు. 1930లలో మొదలై 1940లలో పూర్తయింది. పొడవాటి గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ పెట్టి, ఆ గోడల నిండా గాజుకి బదులు తిప్పుకునే వీలున్న అడ్డ పలకలు అమర్చారు. ఎంత గాలి కావాలంటే అంత తెరుచుకోవచ్చు. అవి ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు, ఇప్పుడైతే ఆ పదార్థం వాడకూడదనుకోండి. కానీ ఆలోచన మాత్రం ఏమాత్రం పాతబడలేదు.

మరి ఇవన్నీ ఏమైపోయాయి? ఏసీ వచ్చింది, 1959లో పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించిన ఫ్లోట్ పద్ధతితో పెద్దపెద్ద గాజు పలకలు చవకయ్యాయి. ఎండని ఆపే పని భవనం నుంచి యంత్రానికి బదిలీ అయింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక హైదరాబాదులో గాజు ఆఫీసుల వరుస మొదలైంది. మనందరికీ తెలిసిన దృశ్యమే కదా: వెలుతురు కోసం గోడంతా గాజు పెడతారు, మానిటర్ మీద గ్లేర్ పడుతోందని బ్లైండ్లు దించేస్తారు, చీకటైందని మిట్టమధ్యాహ్నం లైట్లేస్తారు :)

మన భాషలో చెప్పాలంటే ఇది ఫైర్‌వాల్‌ని సర్వర్ వెనకాల పెట్టడం లాంటిది. ఎండ గాజు దాటి వచ్చి కర్టెన్‌ని తాకాక, కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదికే ఇస్తుంది. అది తిరిగి గాజులోంచి వచ్చిన దారిన పోదు. అమెరికా ఇంధన శాఖ లెక్కలు చూడండి. వెనక తెల్లటి ప్లాస్టిక్ పొర ఉన్న ఓ మోస్తరు రంగు కర్టెన్ ఎండ వేడిని 33 శాతం తగ్గిస్తుంది. బయట కట్టిన గుడ్డ పందిరి దక్షిణపు కిటికీకి 65 శాతం దాకా, పడమటి కిటికీకి 77 శాతం దాకా తగ్గిస్తుంది. దక్షిణానికి దాదాపు రెట్టింపు, పడమటికైతే రెట్టింపు పైమాటే.

కాబట్టి షాపుకెళ్ళే ముందు ఈ నాలుగు చూసుకోండి.

ఒకటి, దిక్కు. మే రెండో వారంలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు కిటికీకి చిన్న సన్‌షేడ్ చాలు. పడమటి కిటికీలోకి మాత్రం సాయంత్రం ఎండ అడ్డంగా కొడుతుంది, సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. ఉన్న డబ్బులో ఎక్కువ భాగం పడమటికే పెట్టండి, హాల్లో సోఫా వెనక కిటికీకి కాదు.

రెండు, బాల్కనీ ఉంటే కర్టెన్ కంటే ముందు బాల్కనీ అంచుకి వెదురు తెర కట్టించండి.

మూడు, లోపల కర్టెన్ తప్పదంటే గాజు వైపు తెల్లగా ఉండేది తీసుకోండి. ముదురు రంగు బ్లాక్‌అవుట్ గుడ్డ వెలుతురునైతే ఆపుతుంది, వేడిని తనే పీల్చి గదిలో వదుల్తుంది. వెలుతురూ వేడీ ఒకటి కాదు. రాత్రి కిటికీ తెరిస్తే గాలొచ్చేలా కూడా చూసుకోండి.

నాలుగు, ఇంట్లో చిన్నపిల్లలుంటే వేలాడే తాళ్ళున్న బ్లైండ్లు వద్దు. మెడకి చుట్టుకుని పిల్లలు చనిపోయిన సంఘటనలు ఎన్నో జరిగాకే అమెరికాలో రెడీమేడ్ బ్లైండ్లకి తాళ్ళు లేకుండా ఉండాలన్న ప్రమాణం 2018 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర కొనేవాళ్ళే అడిగి తీసుకోవాలి.

ఇక్కడ అసలు చిక్కు షాపువాడితో కాదు, అపార్టుమెంటు అసోసియేషన్‌తో. బయట వెదురు తెర కడతానంటే ఎలివేషన్ పాడవుతుందంటారు. అదే గోడకి బయట ఏసీ డబ్బాలు వరుసగా వేలాడుతుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు! 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కరెంటు పోయిన మధ్యాహ్నం పడమటి గదిలో పడుకున్న ముసలివాళ్ళకి ఎలివేషన్ చల్లగాలి ఇవ్వదు. వచ్చే మీటింగులో ఎవరో ఒకరు లేచి, అందరికీ ఒకే రంగు వెదురు తెరలు వేయిద్దామని అడిగితే చాలు. అందం అక్కర్లేదని ఎవరన్నారు? అందమూ నీడా రెండూ బయటి పక్కనే ఉండొచ్చు.