చోటున్నా నిండిన డిస్కు: ఫైళ్ల పరిమితుల పుట్టుపూర్వోత్తరాలు

డిస్కులో లక్షల బైట్లు ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు రాయడం కుదరదని కంప్యూటరు మొరాయించడం డాస్, తొలినాటి విండోస్ కాలాల్లో తరచుగా ఎదురైన చిక్కు. డిస్కు చెడిందనో వైరస్ సోకిందనో అనుమానించి ఫార్మాట్ చేస్తే లోపలి సమాచారమంతా పోతుంది. కారణం మాత్రం చాలాసార్లు అంతకంటె చిన్నది. రేవు గోదాములో స్థలం ఉన్నా సరుకు నమోదు చేసే పుస్తకంలో గీతలు అయిపోతే కొత్త మూటను దించుకోలేనట్లే, డిస్కులోనూ సమాచారానికి కేటాయించిన చోటు వేరు, దాన్ని నమోదు చేసే పద్దుల చోటు వేరు. మొదటిది మిగిలి ఉండగానే రెండోది నిండిపోవచ్చు.

ఈ పద్దు విధానానికి ఫైల్ అలొకేషన్ టేబుల్, సంక్షిప్తంగా ఫ్యాట్, అని పేరు. 1977లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన మార్క్ మెక్‌డొనాల్డ్ డిస్క్ బేసిక్ కోసం దీన్ని రూపొందించగా, 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో పనిచేస్తున్న టిమ్ ప్యాటర్సన్ ఆ ఆలోచనను స్వీకరించి, 12 బిట్ల సంఖ్యలతో తన ఆపరేటింగ్ సిస్టమ్ 86-డాస్‌లో అమర్చాడు. మరుసటి ఏడు ఐబీఎం పీసీతో వెలువడిన డాస్ ఆ పునాది మీదే లేచింది. డిస్కును క్లస్టర్లనే సమాన ఖండాలుగా విభజించి, ఒక ఖండం తర్వాత ఏ ఖండం చదవాలో పట్టికలో రాసి, ఫైలు పేరు, పరిమాణం, తేదీ, తొలి ఖండం సంఖ్య మొదలైనవాటిని డైరెక్టరీలో 32 బైట్ల పద్దుగా నమోదు చేయడం దీని సారం.

డిస్కు తెరవగానే కనిపించే మొదటి డైరెక్టరీని రూట్ అంటారు. దాన్ని పట్టిక తర్వాత, సమాచారం మొదలయ్యే ముందు, నిర్ణీత స్థలంలో ఇరికించారు కాబట్టి అది పెరగడానికి వీలు లేదు. 1981 నాటి 160 కిలోబైట్ల ఫ్లాపీలో రూట్‌కు 64 పద్దులే ఉండగా, 360 కిలోబైట్ల ఫ్లాపీకి 112, 1.44 మెగాబైట్ల ఫ్లాపీకి 224, హార్డ్ డిస్కుకు సాధారణంగా 512 కేటాయించారు. 1983లో వచ్చిన డాస్ 2.0 ఉపడైరెక్టరీలకు చోటిచ్చింది. ఉపడైరెక్టరీ ఫైలు మాదిరిగానే ఖండాల్లో నిలవ ఉంటుంది కనుక అవసరాన్నిబట్టి పెరుగుతుంది.

1995లో విండోస్ 95 పొడవాటి పేర్లను అనుమతించడంతో చిక్కు కొత్త రూపం దాల్చింది. ఎనిమిది, మూడు అక్షరాల పాత పొట్టి పేరుకు ఒక పద్దు, పొడవు పేరులోని ప్రతి 13 సంకేతాలకు మరొక పద్దు చొప్పున ఖర్చవుతాయి. విశాఖపట్నంలోని కంచరపాలెం పేరునే తీసుకుంటే ఈ లెక్క తేటపడుతుంది. తెలుగును ప్రదర్శించగల విండోస్ ఎక్స్‌పీలో, ఫ్లాపీ మీది ఫైలుకు ఆ పేరు పెడితే కంటికి కనిపించేవి ఐదు అక్షరాలే అయినా, గుణింతాలు, సున్నాలు విడివిడి సంకేతాలు కావడం వల్ల తొమ్మిదవుతాయి. చివర చుక్కతో కలిపి నాలుగు సంకేతాల తోక చేరితే సరిగ్గా 13, అనగా మొత్తం రెండు పద్దులు. విశాఖపట్నం కూడా ఐదు అక్షరాలే, కాని వత్తు వల్ల పది సంకేతాలై, తోకతో 14కు చేరి మూడు పద్దులను తీసుకుంటుంది. మొదటి తరహా పేర్లతో 1.44 మెగాబైట్ల ఫ్లాపీ రూట్‌లో 112 ఫైళ్లు, రెండో తరహా పేర్లతో 74 మాత్రమే పడతాయి. 112 ఫైళ్లూ తలా అర కిలోబైటువైతే 56 కిలోబైట్లు నిండేసరికి పద్దులు అయిపోయి, సుమారు 14 లక్షల బైట్లు ఖాళీగా మిగులుతాయి.

కనుక నిర్ధారణ చేసేవారు మొదట ‘డిర్’ ఆదేశంతో ఖాళీ బైట్లు చూసి, తర్వాత అదే ఫైలును ఏదైనా ఉపడైరెక్టరీలో రాసి చూడాలి. అక్కడ రాయగలిగి రూట్‌లో రాయలేకపోతే రూట్ నిండినట్లే, రూట్‌లోని ఫైళ్లను ఉపడైరెక్టరీలోకి తరలించడమే మందు. తెగిపోయిన ఖండాలను, డిస్కును సరిచూసే ‘చెక్‌డిస్క్’ ఆదేశం ఫైళ్లుగా మార్చి రూట్‌లోనే పడేస్తుంది కాబట్టి, బాగుచేసే ప్రయత్నమే రూట్‌ను నింపే సందర్భాలూ ఉన్నాయి. మరీ ఎక్కువ ఫైళ్లు తెరిచి ఉన్నాయనే సందేశం వస్తే అది డిస్కు దోషం కానే కాదు. ఒకేసారి తెరవగల ఫైళ్ల సంఖ్యను నిర్ణయించే, డాస్ అమరికల ఫైలు కాన్ఫిగ్.సిస్‌లోని ‘ఫైల్స్’ వరుసను సరిచూసుకోవాలి.

తక్కిన హద్దులు సంఖ్యల వెడల్పు నుంచి పుట్టినవి. డిస్కులోని అతిచిన్న భాగాలైన సెక్టర్లను 16 బిట్లతో లెక్కించినంతకాలం డిస్కు విభాగం 32 మెగాబైట్లు దాటలేదు. 1988లో డాస్ 4.0 ఆ లెక్కను విస్తరించినా, క్లస్టర్ల సంఖ్య 16 బిట్లకే పరిమితమైనందున హద్దు 2 గిగాబైట్ల వద్ద నిలిచింది. అంతటి విభాగంలో క్లస్టర్ 32 కిలోబైట్లు కాబట్టి, వంద బైట్ల చిన్న ఉత్తరం కూడా 32 కిలోబైట్లను ఆక్రమించేది. 1996లో వచ్చిన ఫ్యాట్32 రూట్‌ను పెరగనిచ్చింది గాని, ఫైలు పరిమాణం రాసే గడిని నాలుగు బైట్లుగానే ఉంచింది. అందువల్ల ఒక్కో ఫైలు 4,294,967,295 బైట్లను మించరాదు. రెండున్నర గంటల పెళ్లి వీడియో సెకనుకు సుమారు 3.8 మెగాబిట్లను దాటితే, ఫ్యాట్32తో ఉన్న 32 గిగాబైట్ల పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా ఒకే ఫైలుగా అందులో ఎక్కకపోవడానికి కారణం ఇదే. ఫైలును ముక్కలు చేయడం గాని, సమాచారాన్ని వేరొకచోట భద్రపరిచి పెన్‌డ్రైవ్‌ను ఈ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ విధానానికి మార్చడం గాని దీనికి పరిష్కారం.

ఆయా గడులను కుదించినవారు తప్పు చేశారనడానికి వీల్లేదు. 160 కిలోబైట్ల డిస్కులో పద్దులకు పెద్ద స్థలం కేటాయిస్తే సమాచారానికి మిగిలేది తగ్గిపోయేది. ఆ పొదుపు అవసరం తీరాక కూడా, పాత ప్రోగ్రాములు, పాత డిస్కులు పనిచేయాలన్న పట్టుదల వల్ల ఆ కొలతలు తర్వాతి తరాలకు సంక్రమించాయి. అందుచేత డిస్కు నిండిందనే సందేశం కనిపించినప్పుడు, నిండింది సమాచారపు చోటా, పద్దుల చోటా, ఒక సంఖ్యకు ఇచ్చిన గడా అని వేరుచేసి చూసిన తర్వాతే ఫార్మాట్ ఆలోచన చేయడం ఉచితం.