బహ్రెయిన్ పడవ, మలబార్ టేకు

బహ్రెయిన్‌లో చేపల వేటకు పాత సాధనం ‘హద్రా’. లోతులేని సముద్రంలో ఖర్జూరపు మట్టలు వరసగా నాటి కట్టే దడి అది. పోటుతో చేప లోపలికొస్తుంది. ఆటుకు నీళ్లు పోయి, దడి కొసనున్న అరలో చేప మిగులుతుంది. బయ్యారం చెరువులోనైనా, కాళేశ్వరం దగ్గర గోదావరిలోనైనా చేపను వెతుక్కుంటూ మనిషి పోవాలి. బహ్రెయిన్‌లో సముద్రమే తెచ్చి అప్పగిస్తుంది. ‘గర్గూర్’ అనే బుట్ట మాత్రం మన వెదురు బుట్టకు దాయాదే: చేపకు లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. ఒకప్పుడు ఖర్జూరపు ఈనెలతో అల్లేవారు, ఇప్పుడు ఇనుప తీగతో అల్లుతున్నారు.

అయితే ఈ ద్వీప దేశానికి అన్నం పెట్టింది చేప కన్నా ముత్యమే. రాజధాని మనామాలో 1988లో తెరిచిన జాతీయ మ్యూజియం ఆ కథ చెబుతుంది. ముత్యాల కోసం మునిగేవాడి సామాను చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: ముక్కు మూసే ‘ఫితామ్’, వేళ్లకు తోలు తొడుగులు, చిప్పలు వేసుకునే వల బుట్ట, కాలికి ఒక రాయి. రాయి బరువుతో కిందికి దిగేవాడు; పడవలో ఉన్నవాడు తాడుతో పైకి లాగేవాడు. ఎండాకాలం నాలుగు నెలలూ ఇదే పని.

పడవలు సంబూక్, జాలీబూత్, బానూష్. దీవిలో కలప లేదు గనుక టేకు మలబార్ నుంచి వచ్చేది, కొబ్బరి పీచు తాళ్లూ అక్కడివే. వడ్రంగులు కాగితం మీద నమూనా గీయకుండానే ముందు పలకలు కూర్చి, తర్వాత లోపలి చట్రం బిగించేవారు. చెక్కకు సొరచేప నూనె పూసేవారు. దొరికిన ముత్యాల్లో ఎక్కువ భాగం బొంబాయి చేరేది. హైదరాబాద్ దుకాణాల్లో ‘బస్రా ముత్యం’ అన్న పేరుతో అమ్మినవి ఈ గల్ఫ్ నీళ్లవే.

పడవ నడిపే నాఖుదా మునిగేవాళ్లకు ముందే బయానా ఇచ్చేవాడు. సీజను చివర వాటా చాలక బాకీ పెరిగేది, తండ్రి అప్పు కొడుకు మీద పడేది. పద్దులు రూపాయల్లోనే. ఏజెంటుకు అప్పు కట్టి గల్ఫ్ విమానం ఎక్కిన జనగామ, మహబూబాబాద్ కుర్రాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. 1920ల్లో మునిగేవాళ్లలో ఒక్కొక్కరికీ పద్దు పుస్తకం ఉండాలన్న నియమం వచ్చింది.

జపాన్ పెంపకపు ముత్యాలు, 1929 ఆర్థిక మాంద్యం కలిసి ఈ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1932లో చమురు పడింది; మునిగేవాళ్లు కంపెనీ కూలీలయ్యారు. పెంపకపు ముత్యాల అమ్మకం మీద బహ్రెయిన్‌లో నేటికీ నిషేధం ఉంది. ముహర్రఖ్ పట్టణంలోని 17 కట్టడాలను, మూడు ముత్యపు చిప్పల క్షేత్రాలను 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.