సూదికి ముందు పూసే మందు

అక్కలకర్ర ముక్క నమిలితే నాలుక చిమచిమలాడి మొద్దుబారుతుంది, నోరంతా నీళ్లూరుతుంది. పంటిపోటుకు పెద్దవాళ్లు చెప్పే మందులు అదీ, లవంగనూనెలో ముంచిన దూదీ. ఇవాళ ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో పిప్పిపన్ను తీయడానికి పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, సూదికి ముందు చిగురుకు పూసే జెల్ పని కూడా మొద్దుబార్చడమే. ఈ మందుల చరిత్రలో చాలాచోట్ల ముందుగా కనిపెట్టింది నాలుకే.

1860లో జర్మనీలో ఆల్బర్ట్ నీమన్ కోకా ఆకు నుంచి కొకెయిన్‌ను వేరుచేశాడు. నాలుక మీద పెడితే తిమ్మిరెక్కుతోందని అప్పుడే రాసిపెట్టాడు. అది వైద్యానికి పనికి రావడానికి మరో 24 ఏళ్లు పట్టింది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటికి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయొచ్చని చూపించాడు. కొద్ది నెలల్లోనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ దాన్ని కింది దవడ నరం దగ్గర సూదితో ఎక్కించాడు. తన మీదే ప్రయోగాలు చేసుకుని ఆయన దానికి బానిసైపోవడం ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టే ఘట్టం. 1905లో వాడుకలోకొచ్చిన నోవొకెయిన్‌తో ఆ గండం తప్పింది.

ఇప్పుడు మనకు తెలిసిన లిగ్నోకెయిన్ పుట్టింది స్వీడన్‌లో. 1930లలో హోల్గర్ ఎర్ట్‌మన్ తాను తయారుచేసిన పదార్థాన్ని రుచి చూస్తే నాలుక మొద్దుబారింది. ఆ జాడ పట్టుకునే నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిగ్నోకెయిన్ తయారుచేశాడు. 1948లో అది జైలోకెయిన్ పేరుతో అమ్మకానికొచ్చింది.

ఇలాంటి మందు ఉండే జెల్ పూయడంలో ఓపిక కావాలి. ముందు చిగురును దూదితో తడి లేకుండా తుడవాలి, లేదంటే మందు ఉమ్మిలో కలిసి జారిపోతుంది. కాస్తంత పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. మందు దిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. సూది గుచ్చిన పోటు తగ్గుతుంది గానీ, లోపల మందు ఎక్కేటప్పటి మంటను అది ఆపలేదు. అందుకే సూదిమందు నిదానంగా ఎక్కించాలి. బయట ఎంతమంది కాచుకుని ఉన్నా ఆ రెండు నిమిషాలూ పిల్లవాడివే, వాటిని కోసేయకూడదు. అన్నం తినకపోతే సూది వేయిస్తానని రోజూ బెదిరించే ఇంట్లో మాత్రం జెల్ పని సగం ముందే చెడుతుంది.

బెంజొకెయిన్ అనే మరో మొద్దుబార్చే మందు ఉన్న జెల్‌ను రెండేళ్లలోపు పిల్లలకు పళ్లొస్తున్నాయని పూయకూడదు. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినే ప్రమాదముంది.

సూది వేశాక రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారే ఉంటుంది. తెలియక పిల్లలు దాన్ని కొరుక్కుంటారు. మర్నాడు వాచి, తెల్లటి పొర కడితే సూది వికటించి చీము పట్టిందని తల్లులు హడలిపోతారు. చాలావరకు అది మానుతున్న పంటిగాటే. తిమ్మిరి వదిలేదాకా అన్నం పెట్టకుండా, పెదవి మీద ఒక కన్నేసి ఉంచితే ఆ గాటూ పడదు.