కాళ్ళు నేలకి ఆనాలి

దుబాయి ఊరి చివర అల్ ఖుద్రా ఎడారిలో సైకిళ్ళ కోసమే వేసిన రోడ్డు ఒకటుంది. 80 కిలోమీటర్ల పైచిలుకు. కార్లుండవు. పొడుగు కొమ్ముల ఓరిక్స్ జింకలు మాత్రం అప్పుడప్పుడు అడ్డం వస్తాయి. నలభై దాటాక డాక్టరు నడవమంటే నేను సైకిలు కొన్నాను. మూడు నెలలకే కుడి మోకాటి చిప్ప దగ్గర నొప్పి పట్టుకుంది. ఇక అమ్మేద్దామనుకుంటుంటే ఆఫీసులో ఒకాయన "ముందు ఫిటింగ్ చేయించండి" అన్నారు. చొక్కాకి కొలతలు తెలుసు గానీ సైకిలుకి కొలతలేమిటి?

ఆ కుర్రాడు సైకిలుని స్టాండుకి బిగించి నన్ను తొక్కమన్నాడు. గజ్జల నుంచి నేల దాకా కొలిచాడు: 80 సెంటీమీటర్లు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీలలో ఉండాలట. నాది 48. సీటు నాలుగు సెంటీమీటర్లు కిందికి ఉంది. "ఒక్కసారిగా కాదు, వారానికి కొంచెం చొప్పున లేపుదాం" అన్నాడు.

ఇంటికొచ్చి, మన వృత్తి దోషం కదా, ఈ లెక్క ఎక్కడ పుట్టిందా అని తవ్వాను. పంతొమ్మిదో శతాబ్దంలో ముందు చక్రం మనిషంత ఎత్తుండే సైకిళ్ళుండేవి. పెడళ్ళు ఆ చక్రానికే ఉండేవి కనుక, కాలు ఎంత పొడవైతే అంత పెద్ద చక్రం. అంటే మొదట్లో సైకిలుని కాలు కొలిచే కొనేవారన్నమాట! 1885లో స్టార్లీ 'రోవర్' సైకిలు వచ్చింది. గొలుసు వెనక చక్రాన్ని తిప్పడంతో కాలికీ చక్రానికీ లంకె తెగిపోయింది. సీటు కింద ఒక గొట్టం, ఒక బోల్టు. ఎవరికి వారు సర్దుకోవచ్చు. మన ఊళ్ళ సైకిలు షాపుల్లోనూ అంతే, 22 అంగుళాలు, 24 అంగుళాలు, రెండే సైజులు. కాలందని పిల్లలం కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం.

1967లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు సీటు నుంచి కింది పెడల్ దాకా దూరం కాలి కొలతలో 109 శాతం ఉంటే మేలని తేల్చారు. తరువాత ఫ్రెంచి కోచ్ గిమార్ ఇంకో లెక్క చెప్పాడు: క్రాంకు ఇరుసు నుంచి సీటు దాకా, కాలి కొలతని 0.883తో హెచ్చవేయాలి. ఆయన శిష్యుడు గ్రెగ్ లెమాండ్ 1987 నాటి తన పుస్తకంతో దాన్ని ప్రచారం చేశాడు. నా 80కి మొదటి లెక్క 87.2. రెండోది 70.6, దానికి 17 సెంటీమీటర్ల క్రాంకు కలిపితే 87.6. ఎక్కడెక్కడి లెక్కలో అర సెంటీమీటరు తేడాలో కలిశాయంటే ఇంజనీరు ప్రాణానికి ఎంత హాయో!

అలాగని లెక్కలతో అయిపోదు. 1969లో బ్లోయిస్ లో పడి నడుం దెబ్బతిన్నాక ఎడీ మెర్క్స్ అంతటివాడు సీటు ఎత్తు పదే పదే మారుస్తూనే ఉన్నాడు. 2007లో అమెరికాలో మొదలైన రెటూల్ పద్ధతిలో ఒంటికి చిన్న దీపాలు అతికించి కదలికని కొలుస్తారు. కానీ చివరికి "ఎలా ఉంది?" అని అడగక తప్పదు.

ఇంతకీ నా సీటు అంత కిందికి ఎందుకుంది? మా నాన్నగారు నేర్పిన సూత్రం: "రెండు కాళ్ళూ నేలకి ఆనాలి." ఆయన పొడగరి. 24 అంగుళాల అట్లాస్ మీద, సీటు అట్టడుగుకి దించి, 26 ఏళ్ళు బడికి వెళ్ళి పాఠాలు చెప్పారు. ఇప్పుడు గుడి మెట్లు పక్కవాటుగా, కడ్డీ పట్టుకుని ఎక్కుతారు. కారణాలు సవాలక్ష ఉండొచ్చు. అయినా ఆ రాత్రి ఆయన మోకాళ్ళ వంపు ఎన్ని డిగ్రీలా అని ఊహించుకుంటే నిద్ర పట్టలేదు.

మర్నాడు ఫోన్లో అంతా చెప్పి, "సీటు కాస్త పైకి లేపి ఉంటే బావుండేది నాన్నా" అన్నాను.

"ముందు కడ్డీ మీద నువ్వు. వెనక క్యారియర్ మీద మీ అమ్మ, ఆవిడ ఒళ్ళో చెల్లాయి. కాలవ గట్టు మీద ఎదురుగా బండి వస్తే, మునివేళ్ళ మీద ఆపమంటావుట్రా?"

నేనేం మాట్లాడలేదు.

"అవునుగానీ, ఆ సీటు లేపినందుకు నీ దగ్గర ఎంత పుచ్చుకున్నాడు?"

సిగ్నల్ సరిగా లేదన్నాను.