సున్నా నుంచి ఏడు దాకా: లాగ్ అంకెల వెనక కథ

నెట్‌వర్కింగ్ కోర్సు చేసేవాళ్లు సిస్‌లాగ్ అంకెల్ని పరీక్ష కోసం బట్టీ పట్టి, తర్వాత మర్చిపోతుంటారు. వాటి చరిత్ర తెలిస్తే ఆ బాధ ఉండదు.

1980లలో అమెరికాలోని బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాం రాశాడు. అది చేసే పనిని నమోదు చేయడానికి పుట్టిందే సిస్‌లాగ్. పనికొస్తుందని మిగతా యూనిక్స్ ప్రోగ్రాములు, ఆ తర్వాత రౌటర్లు, స్విచ్‌లు కూడా దాన్నే పట్టుకున్నాయి. చాలా ఏళ్లు దానికి రాతపూర్వక ప్రమాణమే లేదు. వాడుకలో ఉన్న పద్ధతిని 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 వివరించింది. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424 దాన్ని ప్రమాణంగా మార్చింది.

స్థాయిలు ఎనిమిది: 0 ఎమర్జెన్సీ, 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటీస్, 6 ఇన్ఫర్మేషనల్, 7 డీబగ్. అంకె చిన్నదయ్యేకొద్దీ ప్రమాదం పెద్దది. 0 అంటే సిస్టం ఇక పనిచేయదని. 7 అంటే తప్పు వెతికేవాడికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేని చిల్లర వివరం.

అసలు చిక్కు ఇక్కడుంది. మనం స్థాయి 4 పెడితే 0 నుంచి 4 దాకా మాత్రమే నమోదవుతాయి. సిస్కో రౌటర్‌లో ఎవరైనా సెట్టింగులు మార్చి బయటికొస్తే పడే కబురు స్థాయి 5. అంటే రేపు నెట్‌వర్క్ పడిపోయి "రాత్రి దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని పైవాళ్లు అడిగితే, మన దగ్గర జవాబు ఉండదు. పోనీ అన్నీ కావాలని డీబగ్ మొత్తం తెరిచి పెడితే రౌటర్ ఊపిరాడక ఆగిపోవచ్చు. అసలు కబురు ఆ గుంపులో కనపడకుండా పోతుంది.

ఇంకోటి. సిస్కోలో లింకు పడిపోయినా 3 అనే వస్తుంది, తిరిగి లేచినా 3 అనే వస్తుంది. ఆ అంకె వేసింది ప్రోగ్రాం రాసిన మనిషి. ఏది ఎంత తీవ్రమో ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారని, అందరి లెక్కా ఒకటే అనుకోవద్దని ఆర్‌ఎఫ్‌సీ 5424 కూడా చెప్తుంది. కాబట్టి అంకెతో పాటు కబురు కూడా చదవండి.

ఏది రాసిపెట్టాలో ముందే ఎవరో ఒకరు తేలుస్తారు. రాయనిది తర్వాత ఎంత వెతికినా దొరకదు. మన ఊళ్ల చరిత్ర విషయంలో ఇది మనకు కొత్త కాదు. రేపు ఆ స్థాయి పెట్టే ఉద్యోగంలో మీరే ఉంటే, ఆలోచించి పెట్టండి.