గద్వాల పాతపట్టణ పర్యటన

గద్వాల పాతపట్టణం తెలంగాణ రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల జిల్లా కేంద్రమైన గద్వాలలో కోట, దానిని ఆనుకొని పెరిగిన వీధులు కలిసిన ప్రాంతము. కృష్ణా తుంగభద్రా నదుల మధ్యనున్న ఈ సీమను స్థానికులు నడిగడ్డ అని పిలుస్తారు. కోట, దేవాలయము, నేతగాళ్ళ ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండుటచేత ఈ ప్రాంతాన్ని కాలినడకన గాని, సైకిలు మీద గాని ఒక పూటలో చూడవచ్చును. కారులో వచ్చినవారు సాధారణంగా కోట ద్వారము, గుడి చూసి వెళ్ళిపోతారు. నేత వీధుల వైపు తిరగనివారికి గద్వాల సగమే తెలిసినట్లు.

చరిత్ర

గద్వాల సంస్థానాధీశుల తొలి రాజధాని పూడూరు. 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో పాలనకు వచ్చిన పెద సోమభూపాలుడు గద్వాలలో కోట కట్టించి రాజధానిని ఇక్కడికి మార్చినాడు. ప్రజలు ఈయనను సోమనాద్రి అంటారు. కర్నూలు నవాబుతో ఈయన చేసిన యుద్ధాలను గూర్చిన కథలు ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. గద, వాలు అను ఆయుధాల పేర్లు కలిసి గద్వాల అయినదని ఒక ఐతిహ్యము కలదు.

తరువాతి కాలంలో ఈ సంస్థానము నిజాం రాజ్యానికి కప్పము కట్టుచూ కొనసాగినది. పాలకులు పండితులను ఆదరించుటచేత ఈ ఊరికి 'విద్వద్గద్వాల' అను పేరు వచ్చినది. తిరుపతి వేంకటకవులు ఇక్కడి ఆస్థానాన్ని దర్శించినవారిలో ముఖ్యులు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డి కూడా ఈ నడిగడ్డవాడే. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థాన పాలన ముగిసినది.

కోట లోపల

గద్వాల కోట ప్రధానంగా మట్టికోట. గోల్కొండ వలె కొండపై రాతితో కట్టినది కాదు, ఊరితో కలిసి సమతలంపై ఉన్నది. అందువలన ఎక్కడ కోట ముగిసి ఎక్కడ ఊరు మొదలగునో కొత్తవారికి వెంటనే తెలియదు. మట్టిగోడకు ప్రధాన శత్రువు వాన. పై పూత ఊడిపోయిన చోట నీరు దిగి గోడ లోపలినుండి కరుగుతుంది, ఏటా కాస్త మట్టి పూసి కాపాడకపోతే నిలువదు. సంస్థానము పోయిన తరువాత ఆ పని చేయించే వ్యవస్థ కూడా పోయినది. గోడలు అనేక చోట్ల శిథిలమైనవి.

లోపల చెన్నకేశవస్వామి ఆలయము ఉన్నది. గోడలు కూలినా ఈ గుడిలో పూజలు ఆగలేదు. కోట ఆవరణలోనే మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుచుచున్నది. ఒకనాటి రాజప్రాంగణంలో నేడు చుట్టుపక్కల పల్లెల పిల్లలు చదువుకొంటున్నారు. పొరుగున వనపర్తిలో కూడా ఇట్లే జరిగినది, అక్కడి రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. వనపర్తి సంస్థానపు జ్ఞాపకము మరొకటి హైదరాబాదులో ఉన్నది. ఆ సంస్థానంనుండి నిజాం సైన్యంలోకి వెళ్ళిన ఆఫ్రికన్ అశ్వికదళము నివసించిన పేటనే నేడు ఏ.సీ.గార్డ్స్ అంటున్నారు.

నేత వీధులు

కోటనుండి బయటికి వచ్చి నేతగాళ్ళ వీధులలో ప్రవేశించినప్పుడు సైకిలు దిగి నడచుట మంచిది. సందులు ఇరుకు, పైగా మగ్గము చప్పుడు వినబడిన ఇల్లే చూడవలసిన ఇల్లు. అది పనిచోటే గాక కాపురముండే ఇల్లు కూడా కనుక అనుమతి అడిగి లోపలికి వెళ్ళాలి.

గద్వాల చీర ప్రత్యేకత దాని కూర్పులో ఉన్నది. చీర ఒడలు నూలు, అంచులు, కొంగు పట్టు. నూలుకు, పట్టుకు వేర్వేరు పోగులు పెట్టి, అవి కలిసే చోట పేకపోగులను ఒకదానితో ఒకటి చేతితో మెలివేస్తూ నేస్తారు. దీనిని కుప్పడము అంటారు. ఇందుకు ఒకటికి మించిన నాడెలు కావాలి, చాలాచోట్ల మగ్గము దగ్గర ఇద్దరు కూర్చోవాలి. పని నెమ్మదిగా సాగును, ఖరీదు పెరుగును. చూపుకు అటువంటి అంచునే మరమగ్గంపై నేసి తక్కువ ధరకు అమ్మినప్పుడు కొనేవారికి తేడా తెలియకపోవడమే నేతగాని అసలు కష్టము. అంచులో కనిపించే కోటకొమ్మ అను నమూనా కోట బురుజు పైభాగపు ఆకారాన్ని పోలి ఉంటుంది. కూలిపోతున్న గోడ రూపము ఈ విధంగా చీరలపై మిగిలి ఉన్నది. గద్వాల చీరలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాలనుండి ఏరువాడ జోడుపంచెలు పంపే ఆచారము సంస్థాన కాలంనుండి వచ్చుచున్నది. ఒక్కొక్క పంచె పొడవు 11 గజాలు. వీటిని నేసేవారు 41 రోజులు దీక్షలో ఉంటారు. సంస్థానము రద్దయినా ఈ పంచెలు మాత్రము ఏటా కొండకు చేరుచునే ఉన్నవి.

చుట్టుపక్కల

పట్టణ శివారులో జమ్ములమ్మ ఆలయము ఉన్నది, మాఘమాసంలో ఇక్కడ జాతర జరుగును. ఓపిక ఉన్న సైకిలువారు కృష్ణానదిపై రేవులపల్లి వద్ద కట్టిన జూరాల ప్రాజెక్టు వరకు వెళ్ళవచ్చును. అలంపురము మాత్రము సైకిలుకు దూరమే, బస్సులో పోవుట సుఖము. అక్కడ నవబ్రహ్మ ఆలయాలతోపాటు, శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లినుండి రాళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ పేర్చిన సంగమేశ్వరాలయాన్ని చూడవచ్చును.

గద్వాల రైల్వే జంక్షన్ సికింద్రాబాదు–డోన్ మార్గంలో ఉన్నది, ఇక్కడినుండి రాయచూరుకు మరొక మార్గము చీలును. వేసవిలో నడిగడ్డ ఎండ తీవ్రంగా ఉండును కనుక ఆ కాలంలో తెల్లవారుజామునే బయలుదేరి, పది గంటల లోపల నేత వీధులకు చేరుకొనుట అనువుగా ఉంటుంది.